శుక్రవారం తీసిన గోళ్లు

రబ్బరు చెట్టు చెక్కను గరుకు కాగితంతో రుద్దినప్పుడు లేచే పులుపు వాసన తగిలితే, ఇప్పటికీ నా ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది.

నా చిన్నప్పుడు, మలేసియాలోని సుంగై సిపుట్‌లో మా ఇంటి వసారాలో కూర్చుని నాన్న ఆ చెక్కతోనే తన బాంజో తీగల కింద నిలిపే చిన్న బ్రిడ్జి చెక్కాడు. దాన్ని అమర్చాక, వట్టి వేలికొసలతో మీటడానికి గోళ్లు కత్తిరించుకోబోయాడు. దీపం వెలిగిస్తున్న మామ్మ గిర్రున తిరిగింది.

"సుక్కురారం, దీపాలెట్టిన యేళ గోళ్లు తీస్తావేటిరా? ఇంట్లో పెద్దోళ్లకి కీడు!"

"గోరు తగిల్తే తీగ కీసుమంటాదమ్మా. ఒక్క పాటే లా," అని అక్కడి మలయ్ యాసలో బతిమాలుతూనే నాన్న గోళ్లు తీసేసుకున్నాడు.

ఇంట్లో అందరికన్నా పెద్దది మామ్మే. నాన్న మర తిప్పేకొద్దీ తీగ బిగుస్తోంది, బాంజో తోలు కిర్రుమంటోంది. ఆ కీడు తీగలోంచే వస్తుందని, అది తెగితే మామ్మ చచ్చిపోతుందని నా భయం. వెళ్లి ఆమె కొంగు పట్టుకున్నాను.

తీగ తెగలేదు. పాట మొదలైంది. మామ్మ కళ్లు మూసుకుంది. నేను హడలిపోయాను.

అది ఆమెకు ఇష్టమైన పాటని, ఆమె కోసమే నాన్న ఆ బ్రిడ్జి చెక్కాడని చాలా ఏళ్లకు అమ్మ చెప్పింది. ఆ పాట ఎలా ఉంటుందో మాత్రం నాకు తెలియదు. అది అయ్యేదాకా నేను మామ్మ ఊపిరే చూస్తూ కూర్చున్నాను.