అంకుల్ పేరు మీద కప్పు

వచ్చే నెలాఖరులో మన సంఘం క్రికెట్ కమిటీ సమావేశమై, అంకుల్ పేరు మీద పెట్టబోయే కప్పుకు నిబంధనలు ఖాయం చేస్తుంది. ఖాయమైన నిబంధనను మార్చడం ఎంత కష్టమో సంఘాల్లో తిరిగినవాళ్ళందరికీ తెలుసు. అందుకే ఆయన పోయి రెండు వారాలైనా కాకముందే, మనసు కుదుటపడకుండానే ఇది రాయవలసి వస్తోంది.

ఆ మంగళవారం పొద్దున నేను ఆఫీసులో ఉండగా ఆంటీ ఆసుపత్రి నుంచి ఫోన్ చేశారు. "అమ్మాయ్, అంకుల్ పోయారు. పరిగెత్తుకుంటూ రావద్దు. మకాన్ చేసి రా," అన్నారు. మకాన్ అంటే వాళ్ళింట్లో భోజనం. నేను తినలేదు, పరిగెత్తనూ లేదు. జురాంగ్ ఈస్ట్ వెళ్ళే రైలెక్కి, ఏ స్టేషన్లు దాటుతున్నాయో చూడకుండా కూర్చున్నాను.

నేను వాళ్ళ ఫ్లాట్‌లో ఒక గదిలో అద్దెకుంటాను. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తేదీలు మర్చిపోతాయని అందరూ భయపడుతున్న రోజుల్లో ఆ పని మీదే ఇక్కడికి వచ్చాను. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేను. అమ్మ ఒంగోలు దగ్గర పొగాకు ఆకులు గ్రేడు చేసే కూలిపనికి పోతుంది. కొత్త దేశంలో అద్దె గది ఎలా అడగాలో కూడా తెలియని నన్ను అంకుల్ ఒక్క మాటే అడిగారు. "నీకు క్రికెట్టు తెలుసా?" తెలియదన్నాను. "మంచిదే. టీవీ దగ్గర తగువు ఉండదు లా," అన్నారు.

ఆయన తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఓడలో వచ్చారట. అంకుల్ తెలుగులో ఆ తాతగారి మాటలు, పక్కింటి తమిళం, బజారు మలయ్, మాట చివర ఇక్కడివాళ్ళనే "లా" కలిసిపోయి ఉండేవి. మీలో చాలామందికి ఆయన అంపైర్ అంకుల్‌గానే తెలుసు. తెల్లకోటు, కాన్వాసు బూట్లు. ఆ బూట్లకు ప్రతి శనివారం సాయంత్రం కారిడార్లో కూర్చుని తెల్లరంగు పూసేవారు. చేతిలో గుండ్రంగా ఏదున్నా ఆయన వేళ్ళు దాన్ని తిప్పుతూనే ఉండేవి. కమలాపండు వలవడానికి తీసుకుంటే ముందు రెండుసార్లు గాల్లోకి తిప్పి పట్టుకునేవారు. "తినేదానికి కూడా స్పిన్నే," అని ఆంటీ విసుక్కునేవారు.

ఆయనకు ఒక్కటి మాత్రం నచ్చేది కాదు. తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో టిష్యూ ప్యాకెట్టో గొడుగో పెట్టి కుర్చీని చోప్ చేయడం. ఈ ఊళ్ళో అందరూ చేసేదే. ఆకలి మీద వచ్చినవాళ్ళు సీటు ఆపుకోవడంలో తప్పేముందని నేనొకసారి అడిగాను. "తప్పని ఎవరన్నారు? ఖాళీ కుర్చీ కనపడుతుంది, కూర్చోకూడదు. అది నాకు చిన్నప్పట్నించీ అలవాటే. అందుకే నచ్చదు," అన్నారు. ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు.

అర్థమైంది ఒక శనివారం సాయంత్రం, బూట్లకు రంగు పూస్తూ ఆయన చెప్పినప్పుడు. తెల్లదొరలు ఇక్కడ ఉన్న రోజుల్లో కుర్రవయసులో ఆయన ఒక దొరల క్లబ్బులో పని చేశారు. పగలు గడ్డి కోయడం, రోలరు లాగడం. సాయంత్రం దొరలు ఆఫీసుల నుంచి వచ్చాక నెట్స్‌లో వాళ్ళకు బంతులు వేయడం. దొర అలిసిపోతే ఇంకో దొర వచ్చేవాడు. వేసేవాడు మాత్రం చీకటి పడేదాకా ఒక్కడే.

"మీరు బ్యాటింగ్ చేసేవారు కాదా?" అన్నాను.

"ఎవడు వేస్తాడు నాకు? తువాన్ వేస్తాడా?" అని నవ్వారు. తువాన్ అంటే దొర. "వాళ్ళు సుమ్మా ఆడేవాళ్ళమ్మా, ఊరికే, సరదాకి. నేను డబ్బు తీసుకొని ఆడేవాణ్ణి. సరదాకి ఆడేవాడికి ముందు గేటు. డబ్బు తీసుకున్నవాడికి రోలరు షెడ్డు పక్కన గేటు. టీ కూడా అక్కడికే వచ్చేది."

నేను లైబ్రరీలో వెతికి చదివాను. ఈ ఆట పుట్టిన దేశంలోనూ ఇంతేనట. ఒకే జట్టులో ఆడుతూ, డబ్బు తీసుకోనివాళ్ళు ఒక గేటులోంచి, తీసుకున్నవాళ్ళు ఇంకో గేటులోంచి మైదానంలోకి వచ్చేవారట. బట్టలు మార్చుకునే గదులు వేరు. అచ్చువేసిన స్కోరుకార్డులో పేర్లు రాసే పద్ధతి కూడా వేరు. చాలాకాలం కెప్టెన్‌గా ఉండేది డబ్బు తీసుకోనివాడే. అలాంటివాళ్ళలో కొందరు ఖర్చుల పేరుతో, జీతగాడి జీతం కంటే ఎక్కువే పుచ్చుకునేవారట. అది జీతం కాదు కాబట్టి వాళ్ళు పెద్దమనుషులుగానే ఉండిపోయారు. ఆ తేడాను కాగితం మీద తీసేసింది అరవైల్లో. అప్పటికే అంకుల్ క్లబ్బు వదిలేసి తంజోంగ్ పగార్ ఓడరేవులో పనికి చేరారు.

ఇదంతా పాత కథే అనుకున్నాను. తర్వాత మన జట్టు మ్యాచ్‌లు చూడటం మొదలుపెట్టాను.

మన జట్టులో అందరూ నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళే. మన కెప్టెన్ గారు మంచి మనిషి. అంకుల్ అంత్యక్రియల్లో అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆయనే, కప్పు ఆలోచనా ఆయనదే. పోయినేడు మనకు ఫాస్ట్ బౌలర్ కరువైనప్పుడు, షిప్‌యార్డులో పనిచేసే ఒక వెల్డర్ అన్న వాళ్ళ డార్మిటరీ పక్కన ఖాళీ స్థలంలో బంతి వేస్తుంటే చూసి, మాట్లాడి తీసుకొచ్చిందీ ఆయనే. వెల్డర్ అన్నది కరీంనగర్ వైపు. పెళ్ళాం, చిన్న కూతురు ఊళ్ళో ఉన్నారు. మ్యాచ్‌కు ఇంతని ఇచ్చేలా ఒప్పుకున్నారు. ఆయన వచ్చాక మనం గెలవడం మొదలుపెట్టాం.

మధ్యాహ్నం టెంటులో బిర్యానీ. వెల్డర్ అన్నకు పొట్లం మైదానం అవతలికి, రోలరు దగ్గరికి వచ్చేది. అంకుల్ కూడా ఎప్పుడూ అక్కడే తినేవారు. టెంటులోకి రమ్మంటే "నాకు అలవాటు లేదు లా," అనేవారు. ఆయన మాట మనం తేలిగ్గా నమ్మేశాం. అమ్మ పనిచేసే, పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర కూలీల టీ గ్లాసులు వేరే మేకులకు తగిలించి ఉంటాయి. ఆ పొట్లం బయటికి ఎందుకు వస్తోందో నాకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది.

ఒక శనివారం వెల్డర్ అన్న ఇంటికొచ్చారు. అంకుల్ ఆయన్ని కూర్చోబెట్టి, తన జీవితమంతా తేల్చుకున్న విషయంలాగా చెప్పారు. "డబ్బు తీసుకోకు, తంబీ. తీసుకున్నావంటే నీ గేటు మారిపోతుంది. ఊరికే ఆడు. అప్పుడు నిన్ను ఎవడూ బయట కూర్చోమనలేడు."

"ఆదివారం ఓటీ ఇడిసిపెట్టి అస్తున్న అంకుల్. పైసల్ తీస్కోకుంటె ఇంటికేం పంపాలె?"

"నేను ముసలోణ్ణి, చూసినవాణ్ణి. ఒక్కసారి నా మాట విను."

వెల్డర్ అన్న టీ గ్లాసు కింద పెట్టారు. "మీరు అన్నరని," అని లేచారు.

ఆ మరునాడే సెరంగూన్ జట్టుతో మ్యాచ్. ఆటకు ముందు వెల్డర్ అన్న డబ్బు కవరు తిరిగి ఇచ్చేశారు. "నేను గూడ మీ లెక్కనే ఆడ్త సర్," అన్నారు. కెప్టెన్ గారు నిజంగా సంతోషించి ఆయన భుజం తట్టారు. "గ్రేట్ బాస్. స్పోర్ట్స్‌మన్ స్పిరిట్ అంటే ఇదీ." అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

భోజనానికి ఆట ఆగింది. వెల్డర్ అన్న ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, ఆ రోజు మొదటిసారి టెంటులోకి వచ్చారు. ఆయన్ని ఎవరూ పొమ్మనలేదు. కానీ కుర్చీలన్నిటి మీదా బ్యాగులున్నాయి. బ్యాట్ల సంచులు, ఆఫీసు బ్యాగులు, ఒకదాని మీద కెమెరా. ఎవరి కుర్చీ వాళ్ళు చోప్ చేసుకుని బిర్యానీ వరుసలో నిలబడ్డారు. ఆయన ఒక కుర్చీ దగ్గర ఆగారు. "బ్రో, అది మావాడిది," అన్నారు ఎవరో, మామూలుగానే. ఇంకో కుర్చీ దగ్గర ఆగారు. అక్కడ ఎవరూ ఏమీ అనలేదు, బ్యాగూ తియ్యలేదు. కాసేపటికి ఒకరు పొట్లం తెచ్చి చేతిలో పెట్టారు. "అక్కడ నీడ బాగుంటుంది బ్రో, అంకుల్ కూడా ఉన్నారుగా."

రోలరు దగ్గర నుంచి అంకుల్ చూస్తూనే ఉన్నారు. ఆట ముగిసేదాకా అంపైరింగ్ చేశారు, ఒక్క నిర్ణయం కూడా తడబడలేదు. తర్వాత కోటు మడిచి నా చేతికిచ్చారు. "ఇంక నేను రానని చెప్పు." ఎందుకని చెప్పమంటారు అంటే, "మోకాలు అని చెప్పు," అన్నారు.

మోకాలు అనే చెప్పాను. త్వరగా తగ్గాలని అందరూ కోరుకున్నారు. ఫ్లాట్‌కు వచ్చి ఎందుకు రావడం లేదని అడిగినవాళ్ళు మాత్రం లేరు. అడిగి ఉంటే ఆయన చెప్పేవారేమో. ఆ అవకాశం ఇప్పుడు మన ఎవరికీ లేదు.

తర్వాత చాలా రోజులు ఆయన కమలాపండు తిప్పకుండానే తిన్నారు. ఒక సాయంత్రం టీవీ కట్టేసి అన్నారు. "నేను తప్పు చెప్పానమ్మా. ఇన్నేళ్ళు డబ్బు తీసుకోవడం వల్లే గేటు మారిందనుకున్నాను. గేటు ముందే ఉంది. డబ్బు దానికి పెట్టిన పేరు. నా మాట విని ఆ పిల్లాడు కూలి పోగొట్టుకున్నాడు, కుర్చీ కూడా దొరకలేదు."

మన టీషర్టుల మీద కంపెనీ పేర్లుంటాయి, మైదానం అద్దె స్పాన్సర్లు కడతారు. అయినా మనం ఊరికే ఆడేవాళ్ళమే, వెల్డర్ అన్న డబ్బుకు ఆడేవాడు. ఈ మాట అప్పుడే పైకి అని ఉంటే ఆయనకు కాస్త తోడుగా ఉండేది.

ఇప్పుడు కప్పు నిబంధనల చిత్తుప్రతి అందరికీ అందింది. ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద ఉన్నవాళ్ళు, అంటే మనలాంటి ఆఫీసు ఉద్యోగులు, సభ్యులు. వర్క్ పర్మిట్ వాళ్ళు, అంటే వెల్డర్ అన్నలాంటి కార్మికులు, గెస్ట్ ఆటగాళ్ళు. జట్టుకు ఇద్దరు గెస్టుల్ని తీసుకోవచ్చు, వాళ్ళకు డబ్బు ఇవ్వవచ్చు. భోజనం, బహుమతి విందు సభ్యులకు. రాసినవాళ్ళకు ఇందులో చెడు ఉద్దేశం ఉందని నేను అనుకోను. అయితే ఒక సంగతి వాళ్ళకు తట్టినట్టు లేదు. అంకుల్ ఏ పాస్ మీదా రాలేదు, ఇక్కడే పుట్టారు. ఆయన్ని మనం సభ్యుడిగా ఎప్పుడూ చేర్చుకోలేదు. ఈ నిబంధనల ప్రకారం ఆయన పేరు మీద జరిగే పోటీలో ఆయనకు కూడా చోటు గెస్ట్‌గానే.

నేను కోరేది ఒక్కటే. ఆడేవాళ్ళందరూ సభ్యులు కావాలి. ఆదివారం పని వదులుకుని వచ్చేవాళ్ళకు డబ్బు ఇవ్వాల్సిందే, తీసుకున్నందుకు వాళ్ళ కుర్చీ మారకూడదు.

ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది తెల్లకోటు కాదు. ఈ మార్చిలో ఒక ఆదివారం సాయంత్రం, నన్ను తోడు తీసుకుని ఆయన డార్మిటరీ పక్కన ఖాళీ స్థలానికి వెళ్ళారు. షిప్‌యార్డు వాళ్ళు అక్కడ ఆడుతున్నారు. వికెట్ల బదులు కూల్‌డ్రింకుల ప్లాస్టిక్ క్రేటు. అంకుల్ వెల్డర్ అన్న దగ్గరికి వెళ్ళి, "నేను చెప్పింది తప్పు, తంబీ," అన్నారు.

"గదంత ఇడిసిపెట్టుండ్రి అంకుల్. ఇగో, జర బ్యాటు పట్టుండ్రి."

"నేను బౌలర్ని. నాకు పట్టుకోవడం రాదు."

"మాకు మాత్రం ఎవలు నేర్పిండ్రు?"

ఆయన చెప్పులు విడిచి పక్కన పెట్టి, బ్యాటు తీసుకుని క్రేటు ముందు నిలబడ్డారు. వెల్డర్ అన్న రెండడుగులు వేసి మెల్లగా విసిరారు. అంకుల్ ఆ బంతిని చేత్తో పట్టుకుని వెనక్కి ఇచ్చేశారు. "ముసలోడని దయ చూపకు. సరిగ్గా వెయ్యి లా." ఈసారి అన్న పరుగెత్తుకుంటూ వచ్చి వేశారు. క్రేటు ఎగిరి పడింది. అందరూ నవ్వారు, అందరికంటే గట్టిగా అంకుల్ నవ్వారు. వెళ్ళి క్రేటును తనే తెచ్చి, దుమ్ము తుడిచి, నిటారుగా నిలబెట్టి, మళ్ళీ దాని ముందు నిలబడ్డారు. "ఇంకోటి వెయ్యి," అన్నారు. లైట్లు వెలిగే వేళదాకా అలా నిలబడే ఉన్నారు. ఎవరూ బ్యాటు తిరిగి అడగలేదు.

నిబంధన మార్చడానికి మీరు ఒప్పుకుంటారో లేదో ఆగస్టు పన్నెండో తేదీ, ఆదివారం లోగా ఈ పత్రికకు రాయండి. ఒప్పుకోకపోయినా రాయండి, దయచేసి జవాబు లేకుండా వదిలేయకండి. ఆ రోజు టెంటులో కూడా ఎవరూ కాదనలేదు. కుర్చీల మీద బ్యాగులున్నాయి, అంతే.