నేను సర్దిన డెస్క్‌టాప్

కంప్యూటర్ పనిలో నాకు తిరుగులేదు. పావగడ తాలూకాలోని మా రాయచెర్లు పొలాల్లో సోలార్ పార్కు వచ్చాక, అక్కడి ఆఫీసులోనే ఉద్యోగం దొరికింది. మొదటి రోజే డెస్క్‌టాప్ చూసి ఒళ్ళు మండింది. భూమి లీజుకిచ్చిన రైతుల ఫైళ్ళు తెరంతా చిందరవందరగా పడి ఉన్నాయి. ఐదు నిమిషాల్లో అన్నిటినీ పేర్ల వరుసలో పెట్టేశాను.

టీ తెచ్చిన అటెండర్ నరసప్ప మామ తెర చూసి నిలబడిపోయాడు. ఆయన ఒకప్పుడు గొర్రెలు కాసినవాడు, చదువు రాదు.

"ఏందమ్మా ఇది? ఊరంతా ఒక పక్కకు తోలేసినావే!"

"ఊరేంది మామా?"

"ఎనకాల ఉండేది ప్యానెళ్ళు రాకముందు మన పొలాల ఫోటో గదమ్మా. ఎవురి ఫైలు వాళ్ళ చేని మీద పెట్టించినాను."

నాకు తల కొట్టేసినట్టయింది. ఫైళ్ళను మళ్ళీ వాటి చోట పెట్టడానికి ఒక్కో పేరూ చదివాను. ఆయన తడుముకోకుండా వేలితో చోటు చూపించాడు. చివరికి మా నాయన పేరు వచ్చింది.

"ఇది నువ్వే పెట్టమ్మా," అన్నాడు.

మౌస్ బాణాన్ని ఆ ఫోటో మీద అటూ ఇటూ తిప్పాను. చిన్నప్పటినుంచీ హాస్టల్లో చదివిన నాకు మా చేను ఏ మూలో తెలియదు.

ఇప్పటికీ ఆఫీసులో కంప్యూటర్ మొరాయిస్తే అందరూ నన్నే పిలుస్తారు. ఏదైనా సర్దాలంటే మాత్రం నేను నరసప్ప మామను పిలుస్తాను.