అత్త ఆటను గోడకెక్కించారు

మా చిన్నత్త పోయింది. మంగళవారం పొద్దున్న హౌరా పక్కనున్న లిలువా నుంచి వాళ్ళ పక్క క్వార్టర్ ఆవిడ ఫోన్ చేసి, "మీ అత్త టీ గ్లాసు పట్టుకునే ఒరిగిపోనాదమ్మా" అని ఏడ్చింది. నేను బస్సులో హౌరా వైపు వెళ్తూ ఉండగానే అత్త పనిచేసిన కంపెనీ నుంచి సందేశం వచ్చింది. పైన పువ్వుల బొమ్మ, కింద "మా హాబీ కుటుంబంలో ఒక దీపం ఆరిపోయింది" అని. హాబీ కుటుంబమట! బతికుండగా ఆవిడ ముందు ఆ మాట అంటే ఇంతెత్తున లేచేది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇది రాస్తుంటే ఇంకా మండుతూనే ఉంది, కాబట్టి ఈ నాలుగు ముక్కలూ చల్లగా ఉంటాయనుకోకండి.

మావయ్యది రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం. అత్త ఆ దగ్గర్లోనే క్యారమ్ బోర్డులు, లూడోలు చేసే చిన్న కంపెనీలో చేరింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆడవాళ్ళు నేలమీద సుద్దతో గళ్ళు గీసి అష్టాచెమ్మా ఆడేవాళ్ళు. అందరూ బొడొబాబు అని పిలిచే పెద్ద యజమాని ఒకరోజు చూసి తనూ కూర్చున్నాడట. ఓడిపోయాడు. మర్నాడూ వచ్చి ఓడిపోయాడు. చివరికి "ఇదీ మనమే చేద్దాం దీదీ" అని గుడ్డమీద అచ్చువేయించి, గవ్వలతో సహా పెట్టెలో పెట్టి అమ్మాడు. ఆట నియమాల కాగితం తెలుగులో రాసింది అత్తే. ఈ బెంగాలీ ఊళ్ళో పుట్టిన నేను అక్షరాలు దిద్దుకున్నది ఆ కాగితం మీదే. "అమ్మ" కంటే ముందు "చంపు" అన్న మాట చదివాను.

పోయినవాళ్ళు మంచివాళ్ళని రాయాలి కదా. మంచిదే గానీ ఆటలో పచ్చి దొంగ. గవ్వలు పడీ పడకముందే "అష్టా!" అని అరిచి ఏరేసేది. ఇదేమిటంటే "కళ్ళు నేవా నీకు?" అని ఎదురు దబాయింపు. ఓడిపోయి మూతి ముడుచుకుంటే మాత్రం ఊరుకునేది కాదు. "ఆటలో ఓడ్డం నేర్సుకోనోడు ఇంట్లో అందర్నీ ఓడిస్తాడే గుంటా" అనేది. నాకున్న కాస్త ఓర్పూ ఆవిడ పెట్టిన భిక్షే.

బొడొబాబు పోయాక ఆయన కొడుకు ఛోటోబాబు వచ్చాడు. ఈ రోజుల్లో ఎదురుగా కూర్చునే మనుషులే లేరు, ఒంటరిగా చేసుకునే హాబీ సరుకే అమ్మాలి అన్నాడు. కొవ్వొత్తులు పోసుకునే పెట్టెలు, రంగులేసుకునే బొమ్మలు, అతికించుకునే విమానాలు వచ్చాయి. వాటిమీద నాకేం పగ లేదు. వ్యాపారమన్నాక నాలుగు సరుకులు పెట్టుకుంటారు. అత్త కూడా ఒకసారి ఇంట్లో కొవ్వొత్తి పోసి చూసింది. "బాగానే ఉంది గానీ, ఇప్పుడు నాను ఎవుల్ని గెలిసినట్టు?" అంది.

తర్వాత అష్టాచెమ్మా మీద పడ్డారు. గవ్వలు తీసేశారు, నియమాల కాగితం తీసేశారు. దాన్ని కుట్టుపని పెట్టెగా మార్చారు. గళ్ళ గుడ్డ, రంగుదారాలు, సూది, కుట్టడం అయ్యాక గోడకు తగిలించుకోవడానికి చట్రం. అంతవరకూ అత్త దిగమింగేదేమో. కానీ ఇంటూ గుర్తులు కూడా మార్చేశారు. ఆడినవాళ్ళకు చెప్పక్కర్లేదు, ఇంటూలు ఉండేది నాలుగు వైపులా నడిమి గళ్ళలో, మధ్యగడిలో. అవే ఇళ్ళు. ఇంట్లో ఉన్న కాయను ఎవరూ చంపకూడదు. ఆ డిజైన్ వేసిన మహానుభావులు అందంగా ఉంటుందని వాటిని నాలుగు మూలలకూ జరిపారు!

అత్త ఛోటోబాబు గదిలోకి వెళ్ళింది. ఆ రోజు క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళిన నేనూ పక్కనే ఉన్నాను.

"మూలకి ఇల్లేటి బాబూ? కాయ ఎక్కణ్ణుంచి బయల్దేరతాది?" అంది, సగం తెలుగు, సగం బెంగాలీ కలిపి.

"మాసీ, ఇప్పుడెవరు ఆడతారు? గోడమీద చూసుకోడానికే కదా" అని నవ్వాడతను బెంగాలీలో.

"రేపు ఏ పిల్లో దించి ఆడదామనుకుంటే? గుర్తులు సరైన సోట ఎయ్యించు. నానడిగీది అంతే."

"చూద్దాం మాసీ."

చూద్దామట! పోయేదాకా ఆవిడ అడుగుతూనే ఉంది. వేరే కోరికే లేదు. అచ్చు వేసేటప్పుడు గుర్తులు నడిమి గళ్ళకు జరిపితే సరిపోయేది. జరపలేదు. చేతకాక కాదు, అడిగింది అత్త కాబట్టి.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక ఛోటోబాబు వచ్చాడు. తెల్లటి బట్టలు, చేతిలో రజనీగంధ దండ, చంకలో చట్రం. ఆ చట్రమే! దాన్ని అత్త ఫోటో పక్కన గోడకు తగిలించి చేతులు జోడించాడు. మూలల్లో ఎర్రటి ఇంటూలు. నాకు తిట్టు నోటిదాకా వచ్చింది. ఈలోపు, జన్మలో గవ్వ ముట్టని మావయ్య లేచాడు. దాన్ని దించి, మేకులు ఊడబీకి, గుడ్డను నేలమీద పరిచాడు. మూలల్లో దారాలు లాగేసి, బొగ్గుముక్కతో సరైన గళ్ళలో ఇంటూలు గీశాడు.

"మైల ఇయ్యాలే కదా తీరింది, అప్పుడే ఆటేటి అన్నయ్యా?" అంది పక్కింటావిడ.

"ఆడకపోతే అది నన్ను వదల్దు. కూకోండి. నువ్వూ కూకో బాబూ, నలుగురు కావాల."

ఛోటోబాబు ఇబ్బందిగా చతికిలబడ్డాడు. అత్త దాచుకున్న గవ్వలు తెచ్చి, కాయలుగా అతనికి శనగగింజలు ఇచ్చాం, నేను చింతగింజలు తీసుకున్నాను. ఆట సాగాక అతను ఒక కాయను మూలగడిలో పెట్టి, "ఇది ఇల్లే కదా?" అన్నాడు.

"గోడమీదైతే ఇల్లే" అన్నాను. చెమ్మా పడింది. చంపాను.

అతను నవ్వబోయాడు, ఎవరూ నవ్వకపోయేసరికి మానేశాడు. అవతలివాళ్ళ కాయను ఒక్కదాన్నయినా చంపితేగానీ లోపలి గళ్ళలోకి వెళ్ళకూడదు. మావయ్య, పక్కింటావిడ, నేను ఇంటూలలో దాక్కుంటూ అతనికి ఒక్క కాయా చిక్కనివ్వలేదు. దీపం పెట్టే వేళకు మా కాయలన్నీ పండాయి. అతని శనగగింజలు మాత్రం లోపలికి దారి లేక అంచు గళ్ళలోనే తిరుగుతున్నాయి. అతను గడియారం చూసుకుని లేవబోయాడు. మావయ్య గవ్వలు ఏరి మళ్ళీ అతని దోసిట్లో పోశాడు.