మామాకు నా గాజులు తొడిగించిన ఉస్తాద్

మొన్న మధ్యాహ్నం కువైట్ నుంచి మామా వీడియో కాల్ చేసింది. ముఖం కనబడలేదు, ఫోను పైకప్పుకేసి తిరిగి ఉంది. ఏడుపు మాత్రం వినబడుతోంది. “ఉస్తాద్ పోయారు” అంది. కైరోలో నిద్రలోనే పోయారట. రాయచోటిలో వంకాయలు తరుగుతున్నదాన్ని, కత్తిపీట మీంచి లేవలేకపోయాను.

మామా అంటే కువైట్‌లో పనివాళ్ళు యజమానురాలిని పిలిచే పిలుపు. ఈమె రుమైథియా పేటలో నేను పనిచేసిన ఇంటావిడ. ఉస్తాద్ ఆ ఇంటి పైఅంతస్తులో అద్దెకున్న ఈజిప్టు సినిమా డైరెక్టరు. స్టూడియోలో క్లాప్ కొట్టే పనితో మొదలై డైరెక్టరు అయిన మనిషి. మంచి సినిమాలే తీశారట. ఒకటి మాత్రం చిత్తుగా పోయిందట. “జనం టికెట్టు కొన్నదే నన్ను తిట్టడానికి” అని నవ్వేవారు. ఆ దెబ్బకే టీవీ సీరియల్ తీయడానికి కువైట్ చేరారు.

అంతలో, తొంభైలో, కువైట్ మీద ఇరాక్ సైన్యం వచ్చిపడింది. మామా భర్త మిలిటరీ ఆఫీసరు. ఆయన ఏమయ్యాడో తెలీదు. నా పాస్‌పోర్టు, అక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు అన్నీ ఆయన దగ్గరే. తలుపులు బిగించుకుని, కర్టెన్లు దించుకుని ముగ్గురం బోనులో ఎలుకల్లా ఉండిపోయాం. సైనికులు ఇంటింటికీ వచ్చి ఆఫీసర్ల భార్యల్ని పట్టుకుపోతున్నారని వినేవాళ్ళం. ఈజిప్టు వాళ్ళు బస్సులెక్కి వెళ్ళిపోతున్నారు. ఉస్తాద్ కూడా సూట్‌కేసు సర్దుకుని మెట్లు దిగారు. మామా ముఖం చూసి మళ్ళీ పైకెళ్ళి పెట్టె విప్పేశారు.

“ఇల్లు నాది, మీరిద్దరూ నా పనివాళ్ళు. యల్లా, పదండి, రిహార్సల్!” అన్నారు.

మామా చేత నా చీర కట్టించారు. నా ఆకుపచ్చ గాజులు తొడిగించారు. మాట్లాడితే కువైటీ యాస పట్టిస్తుందని మూగదానిలా ఉండమన్నారు. సినిమాల్లో చేసినట్టే వంటగది నేల మీద సుద్దముక్కతో గీతలు గీశారు. సింకు దగ్గర మామా, పొయ్యి దగ్గర నేను. ఎన్నిసార్లు చేయించినా మామాకు తప్పులే. గిన్నె తోమమంటే అలవాటుగా నా చేతికి అందించేది.

“పనిమనిషి చేతులు ఖాళీగా ఉండవమ్మా! అబద్ధం ఆడేముందు చేతులకు పని చెప్పాలి” అని ఉస్తాద్ తల బాదుకునేవారు.

“ఈయమ్మ గిన్నె కడిగేలోపల మనల్ని ఎత్తకపోతారు సామీ” అని నేను తెలుగులో గొణుక్కునేదాన్ని.

ఒక పొద్దున వాళ్ళు రానే వచ్చారు. ఇద్దరు, భుజాన తుపాకులు. ఉస్తాద్ సోఫాలో దర్జాగా కూర్చుని పలకరించారు. ఒకడు వంటగది గుమ్మంలోకి వచ్చి మామాను నీళ్ళడిగాడు. మామా గీత మీదే ఉంది, చేతిలో గిన్నె కూడా ఉంది. కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు కదా! గడ్డం ఎత్తి నాకేసి చూపించింది, తెచ్చివ్వమన్నట్టు.

వాడు మామాను కిందినుంచి పైదాకా చూశాడు.

“బద్ధకపు మొహమా! నీకు చెబితే ఇంకొకరికి పురమాయిస్తావా?” అని ఉస్తాద్ ఒక్క అరుపు అరిచారు. వచ్చి ఆ గిన్నె లాక్కుని నేలకేసి కొట్టారు. మామా వంగి ఆ గిన్నె తీసుకుంది. సైనికులు పగలబడి నవ్వారు. నేనిచ్చిన నీళ్ళు తాగి వెళ్ళిపోయారు.

తలుపు మూసి ఉస్తాద్ గోడకు జారగిలబడి ఏడ్చేశారు. “క్షమించు తల్లీ” అన్నారు. మామా గ్లాసు కడిగి, నీళ్ళు పోసి తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆమె ఎవరికైనా నీళ్ళివ్వడం నేను చూడటం అదే మొదలు.

ఆయన గ్లాసును చూసి, ఆ ఏడుపులోనే నవ్వారు. “ఇప్పుడు సరిగ్గా చేశావమ్మా. ఏం లాభం, షాట్ అయిపోయింది.”

యుద్ధం ముగిసి, మామా భర్త బతికి ఇల్లు చేరాకే ఉస్తాద్ కైరో వెళ్ళారు. మళ్ళీ సినిమాలు తీశారు, క్యాసెట్లు పంపారు. మామా, నేను పక్కపక్కన కూర్చుని చూసేవాళ్ళం. ఏ సినిమాలోనూ పనిమనిషి చేతులు ఖాళీగా ఉండవు. “అది నువ్వే” అనేదాన్ని నేను. “కాదు, నువ్వే” అనేది ఆమె. ఆ రోజు ఆయన బస్సెక్కి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఎంత గొప్ప మనసయ్యా నీది, ఉస్తాద్!

మొన్న ఫోనులో నాకూ ఏడుపు తన్నుకొచ్చింది, దగ్గు ఆగలేదు. “ఉండు” అని మామా లేచింది. ఆమెకిప్పుడు మోకాళ్ళ నొప్పులు. ఇంట్లో పనివాళ్ళున్నారు, ఎవర్నీ పిలవలేదు. కుంటుకుంటూ వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి, ఫోను ముందు పెట్టి “తాగు” అంది. రాయచోటిలో ఉన్న నాకు! ఫోను నిండా ఆ గ్లాసే. దాన్ని పట్టుకున్న ముడతల చేతికి, పగలకుండా మిగిలిన ఒకే ఒక ఆకుపచ్చ గాజు.