బెంచీ మీద సంచీ

నా భార్య గత నెల చనిపోయింది. ఆదివారం పొద్దున, చర్చిలో ఆరాధన మొదలయ్యే వేళకు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. అప్పటికి నేను చెప్పులేసుకుని గుమ్మంలో ఉన్నాను. ఇంటి నుంచి తన దువ్వెన తెమ్మని ముందురోజు అడిగింది. అది నా జేబులో ఉంది.

పలకరించడానికి వచ్చినవాళ్లంతా ఆమె మాట గురించే చెబుతున్నారు. అంత కలుపుగోలుగా మాట్లాడే మనిషిని చూడలేదంటున్నారు. నిజమే. కానీ ఆమె బజారులో నోరు విప్పకుండా గడిపిన నెలలు కొన్ని ఉన్నాయి. ఆ సంగతి తెలిసినవాళ్లలో ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను. అందుకని రాస్తున్నాను.

అది పంతొమ్మిది వందల అరవై తొమ్మిది. మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె, ఆమెది తెనాలి దగ్గర. రెండూ మిషన్ బడి పంతుళ్ల కుటుంబాలు కావడంతో సంబంధం కుదిరింది. పెళ్లయి ఏడాది కాలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో విజయవాడ రోడ్డు వారగా రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. ఎల్.బి.నగర్ అని ఇప్పుడు పిలిచే చోట అప్పుడు చెలకలూ రాళ్లూ తప్ప ఏమీ లేవు. సరుకు లారీలు మా గుమ్మం ముందు నుంచే పోయేవి. ముందు గదిలో లారీ బుకింగ్ ఆఫీసు పెట్టి, వెనక గదిలో ఉందామనుకున్నాం. నేను బి.కాం. చదివాను, లెక్కలు నావి. ఆమె దస్తూరి చక్కనిది. బల్ల దగ్గర కూర్చుని రశీదులు రాయడం, వచ్చినవాళ్లతో మాట్లాడటం ఆమె పని.

ఆ ఏడే తెలంగాణ ఉద్యమం లేచింది. కాలేజీలు మూతపడ్డాయి. బస్సు తిరిగేదీ లేనిదీ రోడ్డు మీదికి వస్తేగాని తెలిసేది కాదు. ఉద్యమం అడుగుతున్నది న్యాయమని నేను నమ్మాను. ఆ మాటే ఆమెతో అన్నాను.

"మీ ఉద్యోగాలు మీకు కావాలంటున్నారు. అందులో తప్పేముందండీ?" అంది.

ఒకరోజు బండి దగ్గర వంకాయలు ఏరుతూ ధర అడిగింది. పక్కనున్న పెద్దావిడ ఆ కోస్తా మాట తీరు విని, "మీరెప్పుడు పోతున్నరమ్మా?" అంది. దురుసుగా కాదు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లను అడిగినట్టే అడిగింది. మా ఆవిడ వంకాయలు అక్కడే వదిలేసి ఇంటికొచ్చింది. ఆ రోజు నుంచి గడప దాటితే మాట లేదు.

"నోరు తెరిస్తేనే కదండీ ఊరు తెలిసేది," అనేది.

అట్లాంటి రోజుల్లో ఆఫీసుకు బల్ల, కుర్చీలు, బీరువా కొనవలసి వచ్చింది. మలక్‌పేట దారిలో పాత కర్ర సామాను అమ్మే దుకాణం ఒకటుండేది. ఎంపిక ఆమెది, బేరం నాది. ఇంట్లోనే ఒక ఏర్పాటు చేసుకున్నాం. నచ్చినదాని మీద తన నీలం చేతిసంచీ పెడుతుంది. పెట్టకపోతే వద్దని అర్థం.

దుకాణదారుడు నెరిసిన మీసాల మనిషి, వాగుడు మనిషి.

"గిది అసల్ టేకు సార్. నిజాం జమానాది," అని ఒక బల్ల చూపించాడు. ఆమె సొరుగు లాగింది. అది కీచుమంది. సంచీ చేతిలోనే ఉండిపోయింది.

"వద్దంట," అన్నాను.

"ఎవరన్నరు సార్? అమ్మ ఏమనలే గద!"

ఇంకో బల్ల దగ్గర వంగి కాళ్లు చూసింది, అరచేతులతో అంచులు నొక్కి ఊపింది. కదలలేదు. సంచీ పెట్టింది. కుర్చీల్లో ఒక్కొక్కదాంట్లో కూర్చుని కాసేపు కళ్లు మూసుకునేది. "కుర్చీలో కూర్చుంటే లేవబుద్ధి కావాలి, నిద్ర రాకూడదు. మనం పెట్టేది ఆఫీసు కదండీ," అని ఇంటికొచ్చాక చెప్పింది.

బేరం సగంలో ఉండగా దుకాణదారుడు నన్ను పక్కకు లాగాడు. "అమ్మకు మాటలు రావా సార్?" అన్నాడు మెల్లగా. నేను బల్ల కాళ్లు చూడసాగాను. "అయ్యో, బంగారమసొంటి పిల్ల," అని ధర తానే తగ్గించాడు. ఆమెకు వినబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందనుకుని అతను ఇంకా తగ్గించాడు.

ఇంటికొచ్చి తలుపు వేయగానే నేల మీద కూలబడి నవ్వింది. "నా మౌనానికి ఇంత ధర పలుకుతుందని తెలిస్తే పుట్టింట్లోనే అమ్ముకునేదాన్ని!"

ఆ ఇంట్లో అంత నవ్వు అదే మొదలు.

బీరువా కొనడం మిగిలింది. ఈలోగా తెనాలి నుంచి ఆమె అన్నగారు వచ్చారు. మంచి మనిషి.

"మీ మీద అపనమ్మకంతో కాదు బావగారూ. అమ్మకి నిద్ర పట్టడం లేదు. గొడవలు సద్దుమణిగాక నేనే తెచ్చి దింపుతాను," అన్నారు. చెల్లెలితో, "రేపు బయలుదేరదాం, సర్దుకో చెల్లాయ్," అన్నారు.

"ఇంకా బీరువా కొనలేదు అన్నయ్యా," అంది, పొయ్యి మీది నుంచి తలెత్తకుండా.

ఆయన వినకుండా నేను ఆమెతో, "పోవాలనుంటే పో. నేనేమనుకోను," అన్నాను. పొయ్యిలో కట్టె ముందుకు తోసింది. వెళితే తిరిగి వస్తుందని తెలుసు. వచ్చి వెనక గదిలోనే ఉండిపోతుందని నా భయం. ముందు గదిలో బల్ల దగ్గర నలుగురితో మాట్లాడే మనిషి ఇక రాదనిపించింది.

మర్నాడు పొద్దున బస్సులు లేవు. బీరువా కోసం ఎండలో ఆ దుకాణానికి నడిచి వెళ్లాం. అన్ని బీరువాలూ తెరిచి చూసింది. ఏదీ నచ్చలేదు. దుకాణం వెనక నీడలో వీపు ఆనించుకునే పొడుగాటి బెంచీ ఒకటి ఉంది, ఆరేడుగురు కూర్చోవచ్చు. దాని దగ్గర నిలబడి, సంచీ దాని మీద పెట్టింది. నేను ఆమె ముఖం చూశాను. ఆమె రోడ్డు వైపు చూస్తోంది.

నేను బేరం మొదలుపెట్టాను.

"లారీ ఆఫీసుకు గింత బెంచేంది సార్? పెండ్లివారిని కూసోబెడ్తవా?"

"కావాలె. ఇయ్యి."

తిరిగి వస్తుంటే దారిలో, "అంత బెంచీ ఎందుకు కొన్నారండీ?" అంది.

"నువ్వే గదా సంచీ పెట్టినవు!"

నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఏదో అనబోయి, నా ముఖం చూసి మానేసింది. "సరే, పదండి," అంది.

ఇంటి దగ్గర ఆమె అన్నగారు పెట్టె పక్కన పెట్టుకుని కూర్చున్నారు. బెంచీ సంగతి విని నవ్వారు. ఆమె నవ్వలేదు. "ఆ బెంచీ ఎక్కడ వేయాలో ఈయనకు తెలియదు అన్నయ్యా. నేను రాను," అంది.

ఆయన ఇంకా నచ్చజెబుతుండగానే బండి వచ్చింది. బండివాడూ దుకాణదారుడూ కలిసి బెంచీ ఎత్తారు. అది గుమ్మంలో ఇరుక్కుంది, ముందుకూ రాదు, వెనక్కూ పోదు. చూడటానికి నలుగురు రోడ్డు మీద ఆగారు.

"అలా కాదు బాబాయిగారూ!" అని లోపలి నుంచి ఆమె గొంతు వినిపించింది. "పక్కకి వాల్చండి! ముందు కాళ్లు రానివ్వండి, వీపు తర్వాత!"

దుకాణదారుడు బెంచీ వదిలేశాడు. "ఓరి నాయనో! అమ్మకు మాటలొస్తయ్!" తర్వాత కళ్లు చిన్నవి చేసి చూశాడు. "గీ మాట ఇక్కడిది కాదు గద. ఏ ఊరమ్మా?"

రోడ్డు మీదివాళ్లు వింటున్నారు. మా బావగారు లేచి నిలబడ్డారు. నేనే ఏదో ఒకటి చెబుదామని ముందుకు కదిలాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని గుమ్మం దగ్గరికి వచ్చింది.

"మాది తెనాలి దగ్గరండీ. ఇప్పుడు ఇక్కడే."

అతను ఆమెను చూశాడు, నన్ను చూశాడు. "మూగపిల్ల అని ధర తగ్గించిన గద సార్! ఆ పైసలు వాపస్ చెయ్యాలె!"

"టీ ఇస్తాను, తాగి వెళ్లండి," అంది.

"జర షక్కర్ ఎక్కువెయ్యమ్మా. నష్టపోయినోణ్ణి."

బెంచీ ఆమె చెప్పినట్టే లోపలికి వచ్చింది. దాని మీద మొదట కూర్చున్నది అతనే. మా బావగారు ఆ సాయంత్రం రైలుకు ఒక్కరే వెళ్లారు.

లారీ ఆఫీసుల్లో డ్రైవర్లకు, హమాలీలకు కూర్చునే చోటు ఉండేది కాదు. మా దగ్గర ఉండేది. రశీదు రాస్తూ ఆమె వాళ్ల ఊరూ పేరూ అడిగేది. తనది అడగకముందే చెప్పేది. వంకాయల బండి దగ్గరి పెద్దావిడ కూడా వచ్చి ఆ బెంచీ మీదే కూర్చునేది, కొడుకు పంపిన మూట దిగిందా అని. బీరువా కొనడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. ఊరు పెరిగాక ఆఫీసును ఎల్.బి.నగర్‌కు మార్చాం, బెంచీ మాతో వచ్చింది. ఆఫీసు ఎత్తేశాక ఇంటి వరండాలోకి చేరింది.

ఆ రోజు సంచీ ఎందుకు పెట్టావని చాలాసార్లు అడిగాను. బెంచీ నచ్చిందా, చేయి నొప్పి పుట్టిందా? ఒకసారి, "ఎండకు కళ్లు తిరిగాయండీ," అనేది. ఇంకోసారి, "నచ్చకపోతే పెడతానా?" అనేది. ఇద్దరం కర్మన్‌ఘాట్ వైపు నడకకు పోయిన సాయంత్రాల్లో అదొక ఆటగా ఉండేది. ఆమెకు ఆట. నాకు నిజంగానే కావాలి. ఉండిపోవాలని అక్కడే అనుకుందా, లేక నేను అలా అర్థం చేసుకున్నానని ఊరుకుందా?

ఆ చివరి శనివారం ఆసుపత్రిలో మళ్లీ అడిగాను.

"ఇంకా అదే పట్టుకు వేలాడుతున్నారా?" అంది. గొంతు సన్నగా ఉంది. "రేపు నా దువ్వెన తెండి. చెబుతాను."

సమాధి కార్యక్రమం అయ్యాక, బడంగ్‌పేటలో ఉండే మా అమ్మాయి ఆసుపత్రి సామాను తెచ్చింది. వాళ్లమ్మ చేతిసంచీ బెంచీ మీద పెట్టి, లోపలికి వెళ్లి పడుకుంది. తర్వాత దువ్వెన నేనే ఆ సంచీలో వేశాను. సంచీ ఇంకా అక్కడే ఉంది. సాయంత్రాలు వచ్చినవాళ్లు దానికి కొంచెం ఎడంగా, బెంచీ చివరికి జరిగి కూర్చుంటున్నారు.