ఏమీ కలపని పొడి

నేను ఉద్యోగంలో చేరిన మొదటి రోజు కొలిమి బాబాయి నన్ను గుమ్మంలోనే ఆపేశారు.

"మొహానికేం రాసుకున్నావమ్మా?"

"పౌడరండీ."

"వెళ్లి కడుక్కుని రా. రెండుసార్లు."

కొత్త ఉద్యోగమని ముస్తాబై వచ్చినదాన్ని, ఒళ్లు మండిపోయింది. అయినా కడుక్కుని వచ్చాను. నా పని తూకం. కాలిన బిళ్లను ముందు గాలిలో, తర్వాత నీళ్లలో ముంచి తూచి, దాని లోపల ఎంత డొల్ల మిగిలిందో లెక్క తేల్చాలి. అంతకుముందు పనంతా ఆయనది. పొడి జల్లించడం, అచ్చులో నొక్కడం, కొలిమిలో పెట్టడం. ఆ జల్లెడ ముట్టుకునే హక్కు ఆయనకు తప్ప ఇంకెవరికీ లేదు. అందరికీ ఆయన బాబాయే. పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు.

మేము చేసేవి అల్యూమినా బిళ్లలు. చూడ్డానికి పింగాణీలా ఉంటాయి గానీ పింగాణీ కాదు. పొడిని బిళ్లగా నొక్కి, కరిగే వేడికి కాస్త ఇవతల దాకా కాలుస్తారు. రేణువులు కరగకుండానే ఒకదానికొకటి అతుక్కుని, మధ్య సందులు పూడిపోతాయి. అన్నీ పూడితే బిళ్లలోంచి వెలుతురు వస్తుంది. తిరకాసంతా అక్కడే ఉంది. పొడి మరీ స్వచ్ఛంగా ఉంటే రేణువులు తొందరపడి పెరిగిపోయి, సందులను పూడ్చకుండా కడుపులో దాచుకుంటాయి. చిటికెడు మెగ్నీషియా కలిపితే ఆ తొందర తగ్గుతుంది. అందరూ కలుపుతారు. మమ్మల్ని అడిగిన కంపెనీకి మాత్రం ఏమీ కలపని బిళ్లలే కావాలి. వాటి మీద వాళ్లు స్ఫటికాలు పెంచుతారట, పరాయి లోహం కాస్త సోకినా అవి చెడిపోతాయట.

పందొమ్మిదేళ్లుగా బాబాయి ఆ చిటికెడు లేకుండా సాధించాలని చూస్తున్నారు. వేడి నిదానంగా ఎక్కించి చూశారు. గాలి తోడేసి కాల్చి చూశారు. బిళ్ల తీసిన ప్రతిసారీ కిటికీ దగ్గరికి వెళ్లి, దాని వెనక వేలు పెట్టి చూసేవారు. వేలు కనబడేది కాదు. "మళ్లీ సుద్దముక్కే," అని పక్కన పడేసేవారు. ఆ సుద్దముక్కలతో ఊళ్లో బడులన్నీ నడపొచ్చని నేను ఎగతాళి చేసేదాన్ని. నాకు నోరెక్కువ. ఆయన కోప్పడేవారు కాదు.

ఆయనకు వాసన తెలియదు. పెళ్లయిన రెండేళ్లకే కొలిమి పొగకు ముక్కు పోయింది. "పక్కిల్లు తగలబడుతున్నా మీ బాబాయి పేపరు చదువుకుంటారే," అని పిన్ని నవ్వేది. పిన్నంటే ఆయన భార్య. రోజూ మధ్యాహ్నం క్యారియర్ ఇవ్వడానికి గేటు దాకా వచ్చేది. నేను చేరిన రెండో ఏడు, క్యారియర్‌తో పాటు కాగితంలో చుట్టిన తెల్లటి గుడ్డ తొడుగులు కూడా తేవడం మొదలుపెట్టింది. రబ్బరు తొడుగుల వల్ల ఆయన చేతులు దద్దుర్లెక్కి పుళ్లు పడుతున్నాయని, లోపల వేసుకోవడానికి పాత దుప్పటి చింపి కుట్టిందట. రోజుకో జత, ఉతికి ఆరేసినవి.

ఆ ఎండాకాలమే మొదటిసారి ఆయన వేలు కనబడింది. బిళ్ల వెనక, పొగమంచులో మనిషిలా, గోరుతో సహా. బాబాయి స్టూలు వెతుక్కుని కూర్చున్నారు. నేను మూడుసార్లు తూచాను. లోపల డొల్ల లేదు. తర్వాత వరసగా ఆరు బ్యాచ్‌లు అలాగే వచ్చాయి. మా పై అధికారి మేడమ్, వేడి ఎక్కించే లెక్కలన్నీ ఒక కాగితం మీద రాయించి, పైన 'బాబాయి పద్ధతి' అని పెట్టి గోడకు అంటించింది. వచ్చే పొడిని ప్రతిసారీ పరీక్షించేవాళ్లం. కాలిన బిళ్లను పరీక్షించాలని ఎవరికీ తోచలేదు. ఆ చేతుల మీద అంత నమ్మకం.

వానల్లో పిన్ని మంచం పట్టింది. నలభై రోజులు తిరక్కుండానే పోయింది.

బాబాయి పది రోజులకు పనిలోకి వచ్చారు. పాత తొడుగులనే తను ఉతుక్కుని వేసుకునేవారు. అదే పొడి, అదే కొలిమి, అదే కాగితం. బిళ్లలు మాత్రం సుద్దముక్కలు. నాలుగు బ్యాచ్‌లు పోయాయి. పిన్నితో పాటే ఆయన హస్తవాసి పోయిందన్నారు జనం. ఆయన కూడా అదే నమ్మారేమో, తన చేతులను తనే అనుమానంగా చూసుకునేవారు. కంపెనీవాళ్లు నెలలో వస్తారు. ఆయన రిటైర్మెంటు మూడు నెలల్లో ఉంది. వెళ్లేలోగా ఇంకొక్క బ్యాచ్ తీయాలని ఆయన తపన.

ఒక మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చి కాగితం పొట్లం పెట్టారు.

"కుట్టుమిషను సొరుగులో దొరికింది. మీ పిన్ని సర్దిపెట్టిన ఆఖరి జత. విప్పితే తెల్లగా ఏదో రాలింది. నాకు వాసన తెలీదు కదా, ఏంటో చూసి చెప్పమ్మా."

ముక్కు దగ్గర పెట్టుకోవాల్సిన అవసరం కూడా రాలేదు. అది పౌడరు. మొదటి రోజు నా చేత రెండుసార్లు కడిగించిన ఆ పౌడరే. చేతులు ఒరుసుకుపోకుండా పిన్ని తొడుగుల లోపల చల్లేది. బాబాయి గంటల తరబడి పొడిని జల్లెడకేసి రుద్దుతుంటే, మణికట్టు దగ్గర గుడ్డ అంచులోంచి అది పొడిలోకి రాలేది. ఆ పౌడరులో మెగ్నీషియా ఉంటుంది. ఆ గదిలో పనిచేసే ఎవరికైనా తెలుసు.

నా చూపు గోడ మీది కాగితం మీదికి పోయింది.

"గంజి, బాబాయ్. ఉతికి గంజి పెట్టినట్టుంది పిన్ని."

గంజి కొలిమిలో ఆనవాలు లేకుండా కాలిపోతుంది. అందుకే ఆ అబద్ధం ఎంచుకున్నాను. ఆలోచించుకోవడానికి క్షణం కూడా పట్టలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"గంజేనా?"

"గంజే."

ఆయన తొడుగులను వేడికి తట్టుకునే చిన్న మూసగిన్నెలోకి దులిపి, దాన్ని మూలనున్న చిన్న కొలిమిలో పెట్టారు. గంటసేపు నేను ఒకే బిళ్లను మళ్లీ మళ్లీ తూస్తూ కూర్చున్నాను. మూస చల్లారాక పట్టకారుతో తెచ్చి నా ముందు పెట్టారు. అడుగున తెల్లగా అలాగే ఉంది.

"గంజి మిగలదమ్మా," అన్నారు.

తిట్టినా బాగుండేది. నాకు ఏడుపొచ్చేసింది.

"చెప్పకండి బాబాయ్. ఆ పౌడరు డబ్బా నేను కొనుక్కొస్తా, రోజూ నేనే చల్లి ఇస్తా. ఎవరికీ తెలీదు. పందొమ్మిదేళ్ల కష్టం!"

"దేనికి పడ్డానమ్మా ఆ కష్టం? ఏమీ కలపకుండా చెయ్యాలనేగా."

మూస పట్టుకుని మేడమ్ గదిలోకి వెళ్లారు.

బిళ్లలను పరీక్షకు పంపారు. ఏడు బ్యాచ్‌లలోనూ మెగ్నీషియం తేలింది. ఆ బేరం పోయింది. మేడమ్ ఆయన్ను ఒక్క మాట కూడా అనలేదు. కాగితాన్ని మాత్రం తనే వచ్చి, గోడ పెచ్చు ఊడకుండా, నెమ్మదిగా తీసింది. ఆ తర్వాత బాబాయి మరో రెండు బ్యాచ్‌లు చేశారు. రెండూ సుద్దముక్కలే.

పనికిరాని బిళ్లలు మంచివాటిలో కలిసిపోకుండా, చేసినవాళ్లే పగలగొట్టాలని మా దగ్గర నియమం. ఆఖరి రోజు బాబాయి పెరట్లో బండ ముందు గోనెసంచి పరుచుకుని కూర్చున్నారు. నేను ఒక్కొక్కటీ అందించాను. అవి అంత తేలిగ్గా పగలవు. రెండు మూడు దెబ్బలు పడేవి. పొద్దుటినుంచి కొడితే సాయంత్రానికి ఒక్కటి మిగిలింది.

దాన్ని ఎండకు ఎత్తి వెనక వేలు పెట్టారు. వేలు కనబడింది. ఉంచుకోమందామనుకున్నాను.

"ఈసారి నిజం చెప్పు," అన్నారు. "ఆ పౌడరు వాసన ఎలా ఉంటుంది? ఆవిడ పెళ్లినాటి నుంచీ అదే రాసుకునేది. ముప్పయ్యేళ్లు పక్కనే ఉన్నా, నాకు గుర్తు లేదు."



"చల్లగా ఉంటుంది బాబాయ్. అప్పుడే స్నానం చేసొచ్చిన మనిషి పక్కన నిలబడినట్టు ఉంటుంది."

ఆయన తలూపారు. ఇంకేమైనా చెబుతానేమోనని కాసేపు చూశారు. తర్వాత ఆ బిళ్లను కూడా బండ మీద పెట్టి, సుత్తి ఎత్తారు.