రాజీ మండలిలో నడిమి కుర్చీ

మా హెస్ట్వోయ దీవిలో సివిల్ వ్యాజ్యం ఏదైనా మొదట రాజీ మండలి ముందుకు రావాలి. జిల్లా కోర్టు దాని తర్వాతి మాట. న్యాయశాస్త్రం చదవని ముగ్గురు దీవివాసులు గ్రంథాలయం మేడమీద బల్లకు ఒక పక్కన కూర్చుంటారు. ముందు కలపడానికి చూస్తారు, కలవకపోతే తీర్పు చెబుతారు. ఆ ముగ్గురిలో నడిమి కుర్చీ పన్నెండేళ్లుగా బోర్గిల్డ్ నెస్‌ది.

ఆమెకు అరవై రెండేళ్లు. వలలు బాగుచేసే షెడ్డులో పని. బడిలో గాని, చర్చి సంఘంలో గాని, షెడ్డు యూనియన్‌లో గాని ఆమెను ఎవరూ దేనికీ ఎన్నుకోలేదు. మునిసిపల్ సభ నాలుగేళ్లకోసారి చేతులెత్తి ఇచ్చే ఈ కుర్చీ ఒక్కటే ఆమెకు దక్కిన పదవి. దాన్ని ఆమె ఎంత శ్రద్ధగా కాపాడుకుందో నేను ఒప్పుకోక తప్పదు. విచారణ రోజు ఇంట్లోనే వాఫుల్స్ అనే తీపి అట్లు కాల్చి, గోధుమరంగు చీజు కోసి, కాఫీ ఫ్లాస్కుతో వచ్చేది. ఇరుపక్షాలకూ ఒకే పళ్లెం పెట్టేది. చేతులు పళ్లెంలో తగిలాక తిట్టుకోవడం కష్టమని ఆమె నమ్మకం. చాలాసార్లు ఆ నమ్మకం ఫలించింది కూడా.

సున్నివా వచ్చాక ఆమె మనశ్శాంతి పోయింది.

సున్నివాకు ముప్పై ఒకటి, చేపపిల్లల కేంద్రంలో పని. మండలిలో ఆమె ప్రత్యామ్నాయ సభ్యురాలు. అసలు సభ్యులెవరైనా కక్షిదారుకు బంధువైతే లేచి పక్కకు తప్పుకోవాలి. ఆ పూటకు సున్నివా కూర్చుంటుంది. మొన్నటి వసంతంలో బోర్గిల్డ్ తమ్ముడికీ పక్కింటాయనకూ మురుగుకాలువ తగాదా వచ్చింది. బోర్గిల్డ్ నియమం ప్రకారం తప్పుకుంది. సున్నివా వాఫుల్స్ తేలేదు, కాఫీ పోయలేదు. ఇద్దరినీ ఒక్క కోరిక కోరింది: ఎవరి గోడు వాళ్లు చెప్పవద్దు, ఎదుటివాడి గోడు చెప్పండి. అరగంటలో సంతకాలైపోయాయి.

ఆ ఆదివారం తమ్ముడు అక్క ఇంట్లోనే, అక్క వండిన గొర్రెమాంసం తింటూ అన్నాడు: "నిజం చెప్పాలంటే అక్కా, ఆ పిల్ల దగ్గర మాట్లాడితే మనం చెప్పేది మనకే వినిపిస్తుంది. నువ్వైతే తినిపించి తినిపించి మమ్మల్ని నిద్రపుచ్చేదానివి."

బోర్గిల్డ్ లేచి పళ్లెం తీసేసింది. అందులో ఇంకా మాంసం ఉంది.

తర్వాతి విచారణలో ఆమె ఆ పద్ధతినే తనదిగా ప్రయోగించింది. కంచె విషయంలో వచ్చిన ఇద్దరు ముసలివాళ్లను ఒకరి గోడు ఒకరు చెప్పమంది. "నా గోడే నాకు గుర్తులేదు, వాడిదేం చెప్తాను?" అన్నాడు ఒకడు. రెండోవాడు పగలబడి నవ్వాడు. మండలి రెండో సభ్యుడు, ఫెర్రీలో టికెట్లు కొట్టే టోర్ఫిన్, నోరు జారాడు: "సున్నివా చేస్తే ఇట్లా నవ్వరేంటో మరి." కేసు కలవలేదు. ఆనాటి నుంచి షెడ్డులో ఎవరైనా సున్నివా పేరెత్తితే బోర్గిల్డ్ వల ముడి అవసరానికి మించి బిగించేదని తోటివాళ్లు చెబుతారు.

శరదృతువులో ఓడ్వార్ కేసు వచ్చింది. ఓడ్వార్ తన పాత ఇంటిని అల్డోనా అనే లిథువేనియా స్త్రీకి అమ్మాడు. ఆమె చేపల ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్లుగా ముళ్లు తీసే పని చేస్తోంది. ఇల్లు అమ్మాడు గాని, ఒడ్డున ఉన్న పడవల కొట్టానికి తాళం తీయలేదు. కొట్టం అమ్మకంలో లేదన్నాడు. ఉందని అల్డోనా అన్నది. దీవికి అప్పటికి కొత్తదాన్నే అయినా, చట్టం తెలిసినదాన్ని కనుక ఆమెకు సహాయకురాలిగా నేను వెళ్లాను.

ఓడ్వార్ బోర్గిల్డ్‌కు పెద్దమ్మ కొడుకు. అంత దగ్గరి చుట్టరికం ఉంటే తీర్పరి తప్పుకోవాలన్నది చట్టంలో స్పష్టంగా రాసి ఉంది. చట్టం ఆమెను కోరింది ఒకే ఒక వాక్యం. దానికి చదువు అక్కరలేదు. కాని ఆ వాక్యం పలికితే కుర్చీలోకి సున్నివా వస్తుంది.

బోర్గిల్డ్ పలకలేదు. టోర్ఫిన్‌కు తెలుసు, మూడో సభ్యుడికి తెలుసు, కింద పుస్తకాలిచ్చే ఆమెకు తెలుసు. దీవిలో అందరికీ తెలిసిన సంగతిని ఎవరూ నోటితో చెప్పరు, చెబితే అవమానించినట్లు. నోటీసులు పంపే కార్యాలయం అవతలి ఒడ్డున ఉంది, దానికి తెలియదు. తెలియనిది ఇంకా ఇద్దరికే, అల్డోనాకూ, నాకూ. మూడు వందల మంది మర్యాదగా మూసుకున్న నోళ్ల మధ్య ఒక పరాయి స్త్రీ తన హక్కు కోసం కూర్చున్నది. దీన్ని నేను అమాయకత్వమని రాయను.

"తిను అల్డోనా, వేడిగా ఉన్నాయి," అంది బోర్గిల్డ్.

"ముందు తాళం తీయమనండి, తర్వాత తింటాను."

"ఏమే బోర్గిల్డ్, జామ్ లేదా?" అన్నాడు ఓడ్వార్.

ఆ "ఏమే" నా చెవిన పడింది. దీవిలో అందరూ అందరినీ అలాగే పిలుస్తారనుకున్నాను. అది నా తప్పు. మధ్యాహ్నం వరకూ కేసు కలవలేదు. తీర్పు రెండు వారాల తర్వాత చెబుతామని బోర్గిల్డ్ కోర్టు పుస్తకంలో రాసింది.

నాలుగో రోజు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఒకామె అల్డోనా మీద జాలిపడింది. "అయినా వాళ్ల పెద్దమ్మ కొడుకు మీద ఆమె తీర్పు చెబుతుందని ఎట్లా అనుకున్నావమ్మా?"

ఆ సాయంత్రమే అభ్యంతరం రాశాను. ఐదు పంక్తులు సరిపోయాయి. మిగిలిన ఇద్దరు సభ్యులూ తలవంచుకుని అంగీకరించారు. విచారణ మొదటినుంచి మళ్లీ జరగాలి. నేను ఆ నిర్ణయం కాగితం తీసుకుని వెళ్లినప్పుడు బోర్గిల్డ్ షెడ్డు బయటే నిలబడింది.

"అడిగితే చెప్పేదాన్ని కదమ్మా," అంది.

"అడగాల్సిన అవసరం లేకుండా చెప్పాలనే చట్టం."

"నేను ఓడ్వార్‌కి మేలు చేద్దామని కూర్చోలేదు. వాడంటే నాకు చిన్నప్పటినుంచీ పడదు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నా కుర్చీలో..." అని ఆగిపోయింది.

నమ్మాను. నమ్మినా కోపం తగ్గలేదు. ఓడ్వార్ మీద ప్రేమ వల్లనైనా, సున్నివా మీద ఈర్ష్య వల్లనైనా, అల్డోనాకు జరిగింది ఒకటే.

రెండో విచారణ రోజు బోర్గిల్డ్ రావలసిన పని లేదు. అయినా వచ్చింది. పుస్తకంలో తన చుట్టరికాన్ని తన చేత్తోనే రాసి, సంతకం పెట్టి, వసారాలో బెంచీ మీద కూర్చుంది. కేసు కలవకూడదని ఆమె దేవుణ్ణి వేడుకుందని తర్వాత టోర్ఫిన్‌తో తానే చెప్పుకుంది. లోపల సున్నివా ఓడ్వార్‌ను అల్డోనా గోడు చెప్పమంది. అతను టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత అన్నాడు: "పడవ లేని మనిషి మన దీవిలో మనిషే కాదని అనిపిస్తుంది కాబోలు ఆమెకి." అల్డోనా ముఖం తిప్పుకుంది. ఆమెకు సగం కొట్టం, సొంత తలుపు, సొంత తాళం అని రాసుకున్నారు. ఓడ్వార్ ఏదో అని నవ్వాడు, అందరూ నవ్వారు. తలుపు తెరిచేసరికి బెంచీ ఖాళీగా ఉంది.

ఆ చలికాలంలో మునిసిపల్ సభ కొత్త మండలిని ఎన్నుకుంది. నడిమి కుర్చీ సున్నివాకు వెళ్లింది. బోర్గిల్డ్‌ను పూర్తిగా తీసేయడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. ప్రత్యామ్నాయ సభ్యురాలిగా ఉంచారు. తీసేయవలసిందని నేను సభకు రాతపూర్వకంగా చెప్పాను, ఇప్పటికీ అదే అంటాను.

ఇప్పుడు బోర్గిల్డ్ కూర్చోవాలంటే సున్నివా బంధువెవరో తగాదా పడాలి. కాబట్టి సున్నివా వంశవృక్షం సున్నివా కంటే ఆమెకే బాగా తెలుసు. నోటీసు రాకముందే ఫెర్రీలో కబురు విని, లెక్కలు వేసుకుని ఫోన్ చేస్తుంది.

"అమ్మాయ్, సోమవారం ఈవార్ కేసటగా. వాళ్లమ్మా మీ నాన్నా తోబుట్టువులు. నువ్వు లేవాలి."

"మారుటి తోబుట్టువులండీ బోర్గిల్డ్ గారూ. ఆవిడ తాతయ్య రెండో భార్యకు మొదటి పెళ్లిలో పుట్టిన కూతురు. రక్తసంబంధం లేదు."

"రక్తం సంగతి నాకెందుకు? మీ నాన్న, ఆవిడ ఒకే ఇంట్లో పెరిగారా లేదా? నువ్వు, ఈవార్ ప్రతి క్రిస్మస్‌కీ ఒకే బల్ల దగ్గర తిన్నారా లేదా?"

"...తిన్నాం."

"మరి? పుస్తకంలో రాయి."

సున్నివా నాకు ఫోన్ చేసి అడిగింది. బోర్గిల్డ్ చెప్పింది తప్పని తేల్చాలన్న ఆశతోనే చట్టం తెరిచాను. చుట్టరికం పట్టికలో పడకపోయినా, నిష్పాక్షికతపై నమ్మకాన్ని సడలించే పరిస్థితి ఏదున్నా తప్పుకోవాలని దాని కిందనే మరో నియమం ఉంది. ఆమె మాట సరైనదే.

"లేవండి," అన్నాను సున్నివాతో.

సోమవారం బోర్గిల్డ్ అరగంట ముందే వచ్చిందట. బల్ల మీద ఫ్లాస్కు పెట్టి, నడిమి కుర్చీ కింద మీట పట్టుకుని టోర్ఫిన్ మీద విసుక్కుందట: "ఇంత కిందికి దించుకుని కూర్చుంటుందేమిటయ్యా ఈ పిల్ల! బల్ల మీదికి మనిషి కనపడాలా వద్దా?"